చేత్తో ట్యాప్ కొడితే త్రెడ్ వంకరపోతోంది, ఏ పనిముట్లు కొనాలి?

పలాసలో జీడి మిషన్ బేస్ కోసం 10 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటుకి ఎం8 (8 ఎంఎం బోల్టు పట్టే) కన్నాలు వేస్తున్నామని, స్పానర్‌తో ట్యాప్ (కన్నం లోపల త్రెడ్, అంటే మరలు, కోసే పనిముట్టు) తిప్పితే బోల్టు ఒరిగి దిగుతోందని, ఖరీదైన ట్యాప్ కొంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. త్రెడ్ నిటారుగా వచ్చేదీ రానిదీ కన్నం దగ్గర, మొదటి రెండు చుట్ల దగ్గర తేలిపోతుంది. డబ్బు అక్కడ పెట్టండి.

స్పానర్ వాడొద్దు. బలం ఒక పక్కనుంచే పడి ట్యాప్ అటు ఒరుగుతుంది. రెండు చేతులతో సమానంగా తిప్పే ట్యాప్ హ్యాండిల్ కావాలి. ఎం8కి జానెడు పొడవుంటే చాలు. మరీ పొడుగైతే ట్యాప్ ఎక్కడ బిగుస్తోందో చేతికి తెలియదు, విరిగాకే తెలుస్తుంది.

కన్నం ఒరిగి ఉంటే ట్యాప్ కూడా అదే దారి పడుతుంది. అందుకే హ్యాండ్ డ్రిల్ కాకుండా స్టాండ్ ఉన్న డ్రిల్లింగ్ మిషన్ మీద 6.8 ఎంఎం బిట్‌తో వేయండి. ఎం6కి 5, ఎం10కి 8.5. కన్నం అంచుని కౌంటర్‌సింక్‌తో (అంచుని ఏటవాలుగా కోసే బిట్) 8 ఎంఎం కంటే కాస్త వెడల్పు చేయండి. కన్నం వేశాక ప్లేటు క్లాంపులు కదపకుండా బిట్ తీసి చక్‌లో (మిషన్‌లో బిట్ పట్టే బిగింపు) ట్యాప్ బిగించండి. మిషన్ కరెంటు ప్లగ్గు పీకేసి, కొద్దిగా కిందికి నొక్కుతూ చక్‌ని చేత్తోనే రెండు మూడు చుట్లు తిప్పండి. తర్వాత చక్ వదులు చేసి హ్యాండిల్‌తో కానివ్వండి. చేత్తో ట్యాప్ కొట్టేవాళ్లకి ఇది బాగా నమ్మకమైన పద్ధతి.

ప్లేటు మిషన్ మీదికి ఎక్కదంటే లేత్ షాపులో గైడు దిమ్మ చేయించుకోండి. 20 ఎంఎం మందం రాడ్ ముక్కకి ఒకే బిగింపులో ఫేసింగ్ (ముఖం చదునుగా కోయడం), 8.1 ఎంఎం కన్నం రెండూ చేయమనండి. ముక్క తిప్పి బిగిస్తే ఆ కన్నం ముఖానికి నిటారుగా ఉండదు. ఫేసింగ్ చేసిన ముఖం ప్లేటు మీద ఆనించి, దిమ్మలోంచి ట్యాప్ దించి, నాలుగు చుట్లు పట్టాక హ్యాండిల్ తీసి దిమ్మ పైకి లాగేయండి. అప్పుడు మూలమట్టం పెట్టి ముందునుంచీ పక్కనుంచీ రెండు వైపులా చూడండి. తేడా ఉంటే ట్యాప్ వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. లోతుకి దిగాక బలవంతంగా వంచితే విరుగుతుంది. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) ట్యాప్ ముక్క లోపల ఇరుక్కుంటే మామూలు డ్రిల్ బిట్టు దాన్ని కోయలేదు.

ట్యాపులు హెచ్ఎస్ఎస్ మూడింటి సెట్ తీసుకోండి. షాంక్ (ట్యాప్ పైభాగంలో హ్యాండిల్ పట్టే కాడ) మీద ఒక గీత ఉన్నది మొదటిది, రెండు గీతలది రెండోది, గీత లేనిది ఆఖరిది. ఇలాంటి గీతల సెట్లలో మొదటి రెండూ కొంచెం సన్నం, మూడూ దించితేనే బోల్టు ఎక్కుతుంది. ఎంఎస్‌కి కటింగ్ ఆయిల్ వేసి అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పకపోతే చిప్స్ పొడుగ్గా సాగి గాడుల్లో ఇరుక్కుంటాయి. అల్యూమినియానికి కిరసనాయిలు పనికొస్తుంది, పోత ఇనుముకి ఏమీ అక్కర్లేదు.

పాత మిషన్ల విడిభాగాలు దీనికి కలపాలంటే ముందు త్రెడ్ గేజ్ (చుట్ల మధ్య దూరం సరిచూసే పళ్ల రేకులు) పెట్టి చూడండి. 5/16 అంగుళం విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత) బోల్టు చూపుకి ఎం8లాగే ఉంటుంది, కానీ దానికి అంగుళానికి 18 చుట్లు, ఎం8 చుట్లతో కలవవు కాబట్టి కొత్త త్రెడ్‌లో రెండు మూడు చుట్లు ఎక్కి పట్టేస్తుంది.