1510 వస్తే ఎంఐటీలో సీటు ఖాయమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కి 1510 వచ్చింది. అమెరికాలో పేరున్న ఇంజినీరింగ్ విశ్వవిద్యాలయం ఎంఐటీలో చదువుతానంటోంది. వస్తుందా? మాకంత స్తోమత లేదు. సాయంత్రాలు మేడ మీద ఇస్త్రీబండి వాళ్ల పిల్లలకి లెక్కలు చెబుతుంటుంది. మొన్న భిన్నాలు అర్థంకాక ఒక బుడ్డోడు ఏడ్చేశాడు కూడా.
– ఓ తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మంచి స్కోరేనమ్మా. కానీ అక్కడ దరఖాస్తు పెట్టిన నూరుమందిలో అయిదుగురికి కూడా సీటు రాదు. విదేశీ పిల్లలకి ఇంకా కష్టం. మన ఈఏపీసెట్‌లా (పాత ఎంసెట్) ర్యాంకు చూసి ఇచ్చేయరు. పిల్ల రాసిన వ్యాసాలు, టీచర్ల ఉత్తరాలు చదువుతారు. సాయంత్రాలు మేడ మీద ఇస్త్రీబండి వాళ్ల పిల్లలకి లెక్కలు చెబుతుందని చివర్లో మాటవరసకి రాశారు చూడండి, అసలు సరుకు అదే! భిన్నాలు అర్థంకాక ఏడ్చిన ఆ బుడ్డోడి సంగతి వ్యాసంలో రాయమనండి. డబ్బంటారా, సీటిచ్చేటప్పుడు ఎంఐటీ మీ ఆదాయం చూడదు. ఇచ్చాక అవసరమైనంత సాయం చేస్తుంది. జేఈఈ కోచింగ్ మాత్రం మాన్పించకండి.