అత్తగారి సంతకంతోనే గడువు మొదలైంది

ప్రశ్న: మాది చీరాల. మావారు పోయాక ఇన్‌స్టాలో పేజీ పెట్టి ఇంటి నుంచే చీరలు అమ్ముకుంటున్నాను. వారానికి పాతిక, ముప్పై పోతాయి. కరీంనగర్ కస్టమర్ ఒకామె 8,500 రూపాయలకు ‘ప్యూర్ పట్టు’ చీర తీసుకుని, నెల తర్వాత అది పట్టే కాదంటూ అక్కడి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది. 50,000 నష్టపరిహారం కూడా కావాలట. పేజీలో ‘నో రిటర్న్, నో రిఫండ్’ అని రాశాను. ఆమె అన్‌బాక్సింగ్ వీడియో కూడా పంపలేదు. నోటీసును జూన్ 9న అత్తగారు సంతకం పెట్టి తీసుకుని దేవుడి గూట్లో పెట్టారు. పెళ్లికెళ్లి వచ్చిన నేను 21న చూశాను. పెద్ద కంపెనీల రూల్స్ నాలాంటి ఒంటరి ఆడదానికి వర్తిస్తాయా? పాత పోస్టు తీసేసి ‘సెమీ పట్టు’ అని మార్చి పెట్టమని తమ్ముడు అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు ఈ ఉత్తరం రాసింది జూలై 4న. మీరు నోటీసు చూసిన తేదీని పక్కన పెట్టి అత్తగారు సంతకం పెట్టిన జూన్ 9 నుంచి లెక్కేసుకోండి. ఆవిడ తీసుకుంటే నాకు అందినట్టా అని వాదించుకుంటూ కూర్చుంటే ఉన్న రోజులు కూడా పోతాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం మీ లిఖితపూర్వక జవాబుకు 30 రోజులు, అంటే జూలై 9 వరకు. కారణం చూపి అడిగితే కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు. అది జూలై 24. ఆ తర్వాత ఒక్క రోజు కూడా పెంచే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. గడువు దాటితే కేసు ఆ కస్టమర్ చెప్పిందాని మీదే నడుస్తుంది. ముందు ఆ కవరు మళ్లీ తీసి చూడండి: నోటీసుతో పాటు ఫిర్యాదు కాపీ ఉందా? లేకపోతే ఆ సంగతి వెంటనే కమిషన్‌కు రాతపూర్వకంగా తెలపండి. ఫిర్యాదు కాపీతో కలిసి నోటీసు అందిన రోజు నుంచే గడువు లెక్క.

నోటీసు చూశాక కూడా రెండు వారాలు ఊరుకున్నారు. చీర ఆర్డర్‌కైతే పది నిమిషాల్లో జవాబిస్తారు కదమ్మా!

ఇక రూల్స్ సంగతి. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో చిన్న వ్యాపారి, పెద్ద వ్యాపారి అన్న తేడా లేదు. మినహాయింపు ఉన్నది వ్యాపారంగా కాకుండా సొంతానికి ఎప్పుడో ఒకటి అమ్ముకునేవాళ్లకు. మీ బీరువాలోని పాత చీర అమ్మితే అది వేరే మాట. వారానికి ముప్పై చీరలు వ్యాపారమే. చెప్పిన గుణం లేని సరుకు వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగివ్వనని అమ్మకందారు అనకూడదు. మీ ‘నో రిఫండ్’ మాట అక్కడ చెల్లదు. వీడియో లేనంత మాత్రాన ఆమె ఫిర్యాదు కొట్టేయరు. ఆమెకు రెండేళ్ల గడువుంది, నెల అంటే ఆలస్యం కిందికి రాదు. ఆమె ఉండేది కరీంనగర్ కాబట్టి అక్కడ వేసుకోవచ్చు. మీరు వీడియో కాన్ఫరెన్స్‌లో విచారణ కోరవచ్చు. బిల్లు ఇచ్చానని ఎక్కడా రాయలేదు. ఇవ్వకపోతే అదొక్కటే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. జీఎస్టీ సంగతి వేరే, దాన్ని ఆడిటర్‌తో మాట్లాడండి.

తమ్ముడి సలహా మాత్రం వినొద్దు. క్యాప్షన్ మార్చినా ఆమె దగ్గర స్క్రీన్‌షాట్ ఉండే ఉంటుంది. 8,500 రూపాయల వివాదం కాస్తా సాక్ష్యం మాయం చేసిన నేరమవుతుంది. భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలు. పోస్టు, చాట్, ఆర్డర్ మెసేజ్ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకండి. వాట్సాప్ ప్రింట్లు దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, దానికి ఆ ఫోనే ఆధారం.

ఈ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద. ఆ చీర పట్టా, కాదా? మీకే తెలియకపోతే అదే లాటులో మిగిలిన చీర కొంగు కుచ్చుల్లోంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. ఇది మీ నిర్ణయం కోసమే, కమిషన్ ముందు పనికిరాదు. పట్టేనని నమ్మకం కుదిరితే, ఆమె దగ్గరున్న చీరను సీలు వేసి ల్యాబ్‌కు పంపమని జవాబులోనే కోరండి. మీరు పంపింది అదే చీరా అన్న అనుమానముంటే ప్యాకింగ్ ఫొటో, బరువు రాసిన కొరియర్ స్లిప్ జత చేయండి.

పూస కట్టిందా, వాదన మానేయండి. చీర వెనక్కి తీసుకుని 8,500 ఇస్తానని జవాబులో రాసి, వినియోగదారుల చట్టం 37వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వం అడగండి. 50,000 బేరం అక్కడ ఆడండి. ఫోన్లో మాట్లాడుకుని యూపీఐలో డబ్బు పంపేసి ఇంట్లో కూర్చోకండి. రాజీ కమిషన్ రికార్డులోకి ఎక్కనంత వరకు కేసు బతికే ఉంటుంది.

మీకు అమ్మిన హోల్‌సేలర్ మీద వినియోగదారుల కేసు కుదరదు, తిరిగి అమ్మడానికి కొన్నవారు వినియోగదారు కారు కనుక. సివిల్ కోర్టుకే వెళ్లాలి, సాధారణంగా మూడేళ్ల గడువు. ‘ప్యూర్’ అని అతను పంపిన మెసేజ్, మీరు కట్టిన డబ్బు తాలూకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. కానీ ఆ పని జూలై 9 తర్వాత. ఈలోగా ఈ ఉత్తరం పట్టుకుని దగ్గర్లోని న్యాయవాది దగ్గరికి నడవండి.