డ్యూటీ రోస్టరు ముందు పెట్టుకో

తమ్ముడూ,

అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ (మన జిల్లా లాంటిది) జైలు మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. మొదటి రెండు పేజీల నిండా ఇనుప తలుపుల చప్పుడే. తీసెయ్. ఆ రాత్రి ఆ అంతస్తులో ఎంతమంది డ్యూటీలో ఉండాలి, ఎంతమంది ఉన్నారు? వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

మన పాఠకుడికి ముందు ఒక ముక్క చెప్పు. కౌంటీ జైల్లో ఉండేవాళ్లలో ఎక్కువమందికి ఇంకా శిక్ష పడలేదు, విచారణలో ఉన్నారంతే. కాబట్టి ‘నేరస్థుడు’ అని ఎక్కడా రాయకు. మన రాష్ట్రాల్లో జైళ్లన్నీ జైళ్ల శాఖ కిందే ఉంటాయి. అక్కడ జైలు నడిపేది ఓట్లతో గెలిచిన షెరిఫ్, అంటే కౌంటీ పోలీసు అధిపతి. డబ్బు మంజూరు చేసేది ఐదుగురు సూపర్‌వైజర్ల బోర్డు, అంటే కౌంటీ పాలకమండలి. తాళాలు ఒకరి చేతిలో, ఖజానా మరొకరి చేతిలో. పౌర పర్యవేక్షణ తగువంతా ఈ సందులోనే నడుస్తుంది.

2015లో శాన్ హోసే మెయిన్ జైల్లో ఒక ఖైదీ చనిపోయాడు, ముగ్గురు డెప్యూటీలు, అంటే షెరిఫ్ కింద జైలు కాపలా కాసేవాళ్లు, అరెస్టయ్యారు. 2018లో షెరిఫ్ పనిని బయటినుంచి గమనించడానికి కౌంటీ ఒక పర్యవేక్షణ కార్యాలయం పెట్టింది. అందులోని పర్యవేక్షకుడు షెరిఫ్‌ని తీసెయ్యలేడు, డెప్యూటీని బదిలీ చెయ్యలేడు. కాగితాలు అడుగుతాడు, చూసింది బయటపెడతాడు. ఆ కాగితాల దగ్గరే పేచీ. 2021లో సివిల్ గ్రాండ్ జ్యూరీ, అంటే కౌంటీ పనితీరుని విచారించే పౌరుల బృందం, అప్పటి షెరిఫ్ మీద మోపిన అభియోగాల్లో పర్యవేక్షకుడికి సహకరించలేదన్నదీ ఒకటి. కాలిఫోర్నియా కౌంటీలు సమన్లిచ్చే అధికారంతో షెరిఫ్ మీద పర్యవేక్షణ బోర్డులు పెట్టుకోడానికి ఏబీ 1185 చట్టం 2021 నుంచి దారి ఇచ్చింది.

ఇక లెక్క. నీ వ్యాసంలో అసలు లేనిదిదే. ఒక పోస్టులో, అంటే ఒక కాపలా చోట, ఏడాది పొడుగునా రాత్రింబవళ్లు మనిషి ఉండాలంటే 8,760 గంటలు. వారానికి 40 గంటల ఉద్యోగి కాగితం మీద 2,080 గంటలు చేస్తాడు. సెలవులు, జబ్బులు, శిక్షణ తీసేస్తే 1,700 మిగులుతాయనుకో. భాగిస్తే ఐదు దాటుతుంది. అంటే ఒక్క పోస్టు నిలబెట్టడానికి ఐదుగురికి పైగా కావాలి. 1,700 నేను ఉదాహరణకి వేసిన అంకె. నీ కౌంటీ అంకె ఒక్కో రకం సెలవు విడదీసి నువ్వే రాబట్టుకోవాలి.

‘ఉద్యోగాలు దాదాపు అన్నీ నిండాయి’ అంటే నమ్మేయకు. మంజూరైనవి వేరు, నిండినవి వేరు, ఆ పూట నిజంగా నిలబడ్డవాళ్లు వేరు. అకాడమీలో శిక్షణలో ఉన్నవాడు, దెబ్బ తగిలి సెలవులో ఉన్నవాడు రెండో అంకెలో కనిపిస్తారు, మూడోదాంట్లో కనిపించరు. ఆ తేడాని తప్పనిసరి ఓవర్‌టైమ్‌తో పూడుస్తారు. వరుసగా 16 గంటలు నిలబడ్డ డెప్యూటీని విలన్ని చేస్తే నీ వ్యాసం అసలు ముద్దాయిని వదిలేసినట్టే.

మనుషులు తగ్గితే ముందు ఆగేవి వ్యాయామం, ములాఖత్, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం. వాటికి తలుపు తీసి వెంట నడిచే మనిషి కావాలి. సెల్ మూసి ఉంచడానికి అంతమంది అక్కర్లేదు. క్లినిక్‌లో రద్దయిన అపాయింట్‌మెంట్ల జాబితాలో కారణం గడి చూడు. ‘రోగి నిరాకరించాడు’ అని వరుసగా ఉంటే, ఆ పూట రోస్టరు పక్కన పెట్టి చదువు. చాలాసార్లు నిరాకరించింది రోగేనా అని అనుమానం వస్తుంది.

సేఫ్టీ చెక్ లాగ్ కూడా అంతే. రాష్ట్ర నిబంధనలు, టైటిల్ 15, గంటకోసారైనా ప్రతి ఖైదీనీ కళ్లతో చూడమంటాయి. కెమెరాలో చూస్తే చెల్లదు. లాగ్‌లో 1:00, 2:00, 3:00 అని ముత్యాల్లా పేర్చి ఉంటే షిఫ్టు చివర కూర్చుని రాశారేమో అని అడగాల్సిందే. నిజంగా నడిచినవాడి టైములు 1:07, 1:58, 2:51 అని అడ్డదిడ్డంగా ఉంటాయి. వీడియోతో పోల్చారా, ఎన్ని షిఫ్టులు పోల్చారు, ఏ షిఫ్టులు ఎవరు ఎంచారు అని పర్యవేక్షకుణ్ణి అడుగు. పగటి షిఫ్టులే ఎంచుకుని ఉంటే ఆ తనిఖీకి పెద్ద విలువ లేదు.

రికార్డుల అర్జీలో ‘సిబ్బంది కొరతపై అన్ని వివరాలు’ అని రాస్తే చేతికేమీ రాదు. రెండు వారాల తేదీలు వేసి, మెయిన్ జైలు ప్రతి షిఫ్టు రోస్టరు, తప్పనిసరి ఓవర్‌టైమ్ జాబితా, లాక్‌డౌన్ లాగ్ అని పేరుపేరునా అడుగు. పది రోజుల్లో ఇస్తారో లేదో చెప్పాలి. ఇవ్వడం వేరే సంగతి, అక్కడ వెంటపడాలి.

గ్రాండ్ జ్యూరీ నివేదిక కంటే దానికొచ్చిన జవాబు జాగ్రత్తగా చదువు. షెరిఫ్ 60 రోజుల్లో, సూపర్‌వైజర్లు 90 రోజుల్లో జవాబివ్వాలి. ‘అమలు చేస్తాం’ అంటే ఎప్పటికో కూడా చెప్పాలి. గడువు లేని జవాబులన్నీ ఒక కాగితం మీద రాసుకో, మరుసటేడు పనికొస్తాయి.

ఖైదీల కుటుంబాలతో మాట్లాడేటప్పుడు ఒకటి. జైలు ఫోన్లు రికార్డవుతాయి. నీ ప్రశ్నలు ఫోన్లో లోపలికి పంపించకు, కేసు సంగతి అసలే ఎత్తనివ్వకు. లాయరు ద్వారా వెళ్లు.

పర్యవేక్షణ కమిటీ సమావేశం అజెండా 72 గంటల ముందు పెడతారు. జతచేసిన ఫైళ్లలో ఖాళీల పట్టిక ఉందేమో చూడు. ఉంటే పోయిన ఏడాది పట్టిక కూడా తెచ్చుకుని, మూడో పేజీ నుంచి తిరగరాసి పంపు.

మీ అన్నయ్య