ముందు వాటం చూడు, తర్వాతే గడ్డి

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ నాన్న ఫోన్లో చెప్పాడు, పూల్ చుట్టూ ఉన్న మట్టినేల తీసేసి ఆర్టిఫిషియల్ గడ్డి పరుస్తున్నారని, అదీ మనుషుల్ని పెట్టకుండా నువ్వూ అల్లుడూ కలిసి చేసుకుంటున్నారని. ఎంత సంతోషం వేసిందో! నా పనిముట్ల సంచీ పక్కన కూర్చుని రసమట్టంతో ఆడుకున్న పిల్లవి, ఇవాళ నీ పెరడు నువ్వే చేసుకుంటున్నావు. కానీ ఫోన్ పెట్టేశాక ఒకటే టెన్షన్. బుజ్జిగాడికి ఇంకా మూడేళ్లు నిండలేదు కదా. అందుకే కూర్చుని రాస్తున్నాను.

గడ్డి ఎంచుకోవడం పెద్ద విషయం కాదు. పాలీఇథిలీన్ పోచలు, 25 నుంచి 35 మిల్లీమీటర్ల ఎత్తు, వెనకవైపు నీళ్లు దిగే రంధ్రాలు ఉంటే చాలు. పోచ మరీ పొడుగైతే తడి త్వరగా ఆరదు, వాలిపోతుంది. రోల్స్ అన్నిట్లో పోచ ఒకే వైపు వాలేలా పరుచు, లేకపోతే అతుకు దగ్గర రంగు తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కోసేది వెనకవైపు నుంచే.

నీకు గట్టిగా చెప్పాల్సింది వాటం గురించి, అంటే నీళ్లు పారడానికి నేలకిచ్చే వాలు గురించి. నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక ఇంట్లో ఇలాగే పూల్ చుట్టూ గడ్డి వేశాం. మా మేస్త్రీ పని తెలిసినవాడే. కానీ కంకర రావడం ఆలస్యమైంది, ఇంటివాళ్లు తొందరపెట్టారు. ఆయన ఉన్న మట్టినే పైపైన చదును చేయించి, ఇసుక చల్లించి, దిమ్మిస కూడా కొట్టించకుండా గడ్డి పరిపించేశాడు. నేల పూల్ వైపుకే వాలి ఉంది. దాన్ని అలాగే వదిలేశాడు. పని అయిన సాయంత్రం చూడముచ్చటగా ఉంది. ఇంటావిడ చెప్పులు విడిచి దాని మీద నడిచి మురిసిపోయింది.

తొలి పెద్దవాన పడ్డాక కబురొచ్చింది. వెళ్లి చూస్తే పూల్ నీళ్లు కలకబారి ఉన్నాయి. పోచలు నిలబడడానికి పోసిన ఇసుక కొట్టుకొచ్చి అడుగున మేటలు వేసింది. పంపు గరగరలాడుతోంది. గడ్డి మీద మడమతో నొక్కితే పోచల మధ్య నుంచి బురదనీళ్లు ఊరాయి. ఒక మూల పట్టుకుని ఎత్తబోతే ఓ పట్టాన రాలేదు. చివరికి బంకమట్టితో సహా ఊడొచ్చింది, ముక్కు పగిలే మురుగువాసన. వెనకవైపు రంధ్రాలన్నీ పూడుకుపోయి ఉన్నాయి. కిందికి దిగే దారి లేక నీళ్లన్నీ పూల్ వైపుకే పారాయి, పారుతూ పారుతూ గట్టురాళ్ల కింద మట్టిని కోసేశాయి. మేం అక్కడ నిలబడి చూస్తుండగానే ఆ ఇంటి చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చి కదిలిన రాయి మీద కాలు వేసింది. నీళ్లలో పడింది. అరుపు లేదమ్మా. పెద్ద చప్పుడు కూడా లేదు. తల్లి రెండడుగుల దూరంలో ఉంది కాబట్టి చెయ్యి పట్టి లాగేసింది. నీళ్లలో మునిగే పిల్లలు చాలాసార్లు అరవలేరు, ఊపిరి అందితే కదా అరిచేది! ఆ పూట నుంచి పూల్ దగ్గర పని అంటే నేను ముందు చూసేది వాటమే.

కాబట్టి 8 నుంచి 10 సెంటీమీటర్లు తవ్వండి. గట్టు పక్కన మాత్రం మెషీన్ వద్దు, చేత్తోనే, నెమ్మదిగా. పూల్ పైపులు అక్కడే ఉంటాయి. రాగి తీగ కూడా ఉండొచ్చు. చుట్టూ ఉన్న లోహమంతటినీ కలిపి, షాక్ కొట్టకుండా కాపాడే తీగ అది. పారకి తగిలితే పని ఆపేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి. తవ్వాక జియో ఫ్యాబ్రిక్ (మట్టీ కంకరా కలవకుండా ఆపి, నీళ్లని దిగనిచ్చే గుడ్డ) పరిచి, కంకర పొరలు పొరలుగా పోసి, తడిపి, ప్లేట్ కాంపాక్టర్‌తో దిమ్మిస కొట్టండి. పైన పలచగా రాతిపొడి. వాటం పూల్ నుంచి బయటికి, మీటరుకి 1.5 నుంచి 2 సెంటీమీటర్లు. పల్లం ఇంటి గోడ వైపు రాకూడదు, పల్లం ఉన్న చివర కంకర నింపిన కాలువ ఉండాలి. గడ్డి వేసే ముందే పైపు పెట్టి నీళ్లు వదిలి చూడండి.

చాలా ఫోటోల్లో గడ్డిని నీళ్ల అంచు దాకా తెచ్చేస్తారు. అందంగానే ఉంటుంది, నాకు మాత్రం ససేమిరా ఇష్టం లేదు. మెత్తటి నేల మీద పిల్లలు పరుగు ఆపరు. గట్టు వెంబడి కనీసం 45 సెంటీమీటర్లు గరుకురాయి వదులు, రంగు తేడాగా ఉండేది. నేల మారిందని బుజ్జిగాడి కంటికీ తెలియాలి, అరికాలికీ తెలియాలి. ఆ అంచున గడ్డికి మేకులు కొట్టొద్దు, జిగురే వాడు. ఫెన్సింగ్ 1.2 మీటర్లకు తగ్గొద్దు, గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి. గడ్డి కంటే ముందు అది అయిపోవాలి.

ఇంకోటి. పోచల్లో పోయడానికి రబ్బరు గుళికలు తెచ్చావట! ఎవరు చెప్పారు నీకు? అవి ఎండకి బాగా వేడెక్కిపోతాయి, వానకి కొట్టుకొచ్చి పూల్‌లో చేరతాయి. తిరిగి ఇచ్చెయ్. గుండ్రటి రేణువుల కోటెడ్ సిలికా ఇసుక తీసుకో. ఎండలో ఈ గడ్డి 60 డిగ్రీలు కూడా దాటుతుంది, నీళ్లు చల్లితే కాసేపే చల్లగా ఉంటుంది. బుజ్జిగాడు నడిచే చోట నీడ ఏర్పాటు చెయ్యి. కిటికీ అద్దాల నుంచి ఎండ తిరిగి పడే చోటు ఉందేమో చూసుకో, కొన్ని రకాల అద్దాలకి పోచ కరిగిపోతుంది. క్లోరిన్ నీళ్లు చిందితే భయం లేదు, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగితే సరిపోతుంది.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. వంగి తవ్వడం నీకు అలవాటు లేదు, ఆగి ఆగి చెయ్యి, మోకాళ్ల కింద ఏదైనా మెత్తగా వేసుకో. కంకర పని అయ్యాక, రోల్ విప్పకముందే వీడియో కాల్ చెయ్యి. నీళ్లు ఎటు పారుతున్నాయో నేను చూడాలి, గేటు గడియ పడే చప్పుడు వినాలి. ఏ రోజో ముందే చెప్పు, ఆ పూట ఎక్కడికీ వెళ్లను.

మీ పెదనాన్న