జీన్స్, టీషర్టుతో ఆరాధనకు వెళ్తే దేవుణ్ణి అగౌరవపరచినట్టా?

మీరు అడిగింది ఇదీ: కొత్తగా వెళ్తున్న సంఘంలో అందరూ కోటు, టైతో వస్తున్నారు, మీకున్నవి జీన్స్, టీషర్టులే. ఇంట్లో పెద్దవాళ్లేమో "రాజు దగ్గరికైతే ఇలాగే వెళ్తావా?" అంటున్నారు. స్నేహితులు "దేవుడు హృదయాన్నే చూస్తాడు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

వచ్చే ఆదివారం ఉన్నవాటిలోనే శుభ్రమైనవి వేసుకుని వెళ్లండి. బట్టల కోసమని ఒక్క ఆరాధన కూడా మానుకోవద్దు.

మా సంఘంలో చాలాకాలం గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్లను పలకరించి కూర్చోబెట్టే పని చేశాను. మాది పద్ధతిగా తయారై వచ్చే సంఘం. ఒకసారి ఒకాయన రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. కంపెనీ యూనిఫాం, చేతి అంచున గ్రీజు మరక, జేబుకి ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. లోపలికి రమ్మంటే "ఇక్కడే నిలబడతానండీ" అంటూ కార్డు తీసి దాచేసి, మరకున్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. అది చూసి మా సంఘ పెద్ద లేచి వచ్చారు. కోటు లేకుండా ఆయన్ను ఎవరూ చూసి ఉండరు. ఆ మనిషిని తన వరుసలోకి తీసుకెళ్లి పక్కనే కూర్చోబెట్టుకుని, పాటల పుస్తకం మధ్యలో పెట్టి చెరో అంచూ పట్టుకున్నారు. ఆయన కోటు విప్పలేదు, ఈయన మరక దాచుకోవడం మానేశాడు.

యాకోబు పత్రిక 2వ అధ్యాయం చదవండి. అక్కడ మందలింపు మురికి బట్టలతో వచ్చినవాడికి కాదు. బంగారు ఉంగరం ఉన్నాయనకు మంచి చోటు చూపించి, పేదవాణ్ణి అక్కడ నిలబడమన్నవాళ్లకు. అంటే గుమ్మం దగ్గర నాలాంటి వాళ్లకు, ముందే వచ్చి కూర్చున్నవాళ్లకు.

మీ స్నేహితులు చెప్పేది 1 సమూయేలు 16:7. ఏలీయాబు రూపం, ఎత్తు చూసి ఇతనే కాబోయే రాజు అనుకున్న సమూయేలుతో దేవుడన్న మాట అది. ఎదుటివాళ్లను పైపైన చూసి తూకం వేయొద్దని దాని భావం. "కాబట్టి నేనెలా వెళ్లినా ఫరవాలేదు" అని అందులోంచి లాగడం తొందరపాటే.

పెద్దవాళ్లు తరచూ యాజకుల ప్రతిష్ఠిత వస్త్రాలను గుర్తుచేస్తారు. అవి అహరోనుకూ అతని కుమారులకూ చెప్పినవి. సీనాయి కొండ దగ్గర జనమంతటికీ చెప్పింది వేరు: దేవుడు బట్టలు ఉతుక్కుని సిద్ధపడమన్నాడు, కొత్తవి తెచ్చుకోమనలేదు. 1 తిమోతి 2:9లో పౌలు హెచ్చరించింది కూడా బంగారం, ముత్యాలు, ఖరీదైన వస్త్రాల గురించే. తక్కువగా తయారవడం కన్నా ఎక్కువగా తయారవడమే ఆయనకు పట్టింది! అయినా ఇంట్లోవాళ్ల మాటను తీసిపారేయకండి. శనివారం రాత్రి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ రేపటి ఆరాధన తలుచుకోవడం నాకిప్పటికీ ఇష్టం. ఆ సిద్ధపాటు నిజమైనదే. దాన్ని పక్కవాళ్ల మీద కొలతగా పెడితేనే చెడుతుంది.

ఇది కొత్త గొడవేమీ కాదు. జాన్ వెస్లీ 1739లో ఇంగ్లండులో బొగ్గుగని కార్మికులకు ఆరుబయటే ప్రసంగించాడు. తన అనుచరులైన మెథడిస్టులకు మాత్రం సాదాగా, తక్కువ ఖర్చుతో బట్టలు కట్టుకోమని గట్టిగా చెప్పాడు. 1960ల చివర కాలిఫోర్నియాలో చక్ స్మిత్ కాపరిగా ఉన్న సంఘానికి హిప్పీ కుర్రాళ్లు చెప్పుల్లేని కాళ్లతో వస్తే కొందరు కార్పెట్ పాడవుతుందన్నారు. వాళ్లను ఆపడం కన్నా కార్పెట్ పీకేయడమే మేలని ఆయన పట్టుబట్టాడని చెబుతారు.

ఉద్యోగం మారాక నేను జీన్స్ సంఘానికీ వెళ్లాను. పాస్టర్ గారే టీషర్టులో వాక్యం చెప్పేవారు. హాయిగా అనిపించింది గానీ, అక్కడా తెలియని నియమం ఒకటుంది. సూటు వేసుకొచ్చిన ఒక కొత్త సహోదరుణ్ణి "ఇంటర్వ్యూకా బ్రదర్?" అని ఎవరో అడిగారు, పక్కవాళ్లు నవ్వారు. మరుసటి వారం ఆయన టై లేకుండా వచ్చాడు. కుర్రాళ్ల మధ్య బూట్ల బ్రాండ్ల పోటీ కూడా చూశాను. టై తీసేసినంత మాత్రాన తారతమ్యం పోదు, వేరే చోట మొలుస్తుంది.

కొన్నిచోట్ల మాత్రం ముందే కనుక్కోండి. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. కాథలిక్ స్త్రీలు తల కప్పుకోవాలన్న నియమం 1917 నాటి కాథలిక్ సంఘ చట్టంలో ఉండేది, 1983 నాటి దానిలో లేదు. చాలా ఆర్థడాక్స్ సంఘాల్లో ఆ ఆచారం ఇంకా ఉంది. ఎవరి మందిరానికి వెళ్తే వాళ్ల పద్ధతి పాటించడం మర్యాద. మీకు వాక్యం చదివే పనో, ప్రభువు బల్ల దగ్గర సాయం చేసే పనో అప్పగిస్తే ఎలా రావాలో అప్పుడడగండి.

కొన్ని వారాలు గడిచినా అందరి చూపూ మీ బట్టల మీదే ఉంటే, పాస్టర్ గారితో విడిగా మాట్లాడండి. "నా దగ్గర ఇవే ఉన్నాయి, ఇలాగే రావచ్చా?" అని సూటిగా అడగండి. అక్కడ ఉండాలో వద్దో ఆయన జవాబు విన్నాకే నిర్ణయించుకోండి.