గరాజ్ డోరు స్ప్రింగు విరిగితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పొద్దున్నే గరాజ్‌లో తుపాకి పేలినట్టు శబ్దం వచ్చింది. బటన్ నొక్కితే తలుపు నాలుగంగుళాలు లేచి ఆగిపోతోంది. తలుపు పైనున్న రెండు స్ప్రింగుల్లో ఒకదాని మధ్య ఖాళీ కనిపిస్తోంది. మాది రెండు కార్ల తలుపు. ఇల్లు కట్టి ఎనిమిదేళ్ళయింది. కారు లోపలే ఇరుక్కుంది. నేనే మార్చుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందుగా ఆ బటన్ ఇంకోసారి నొక్కకండి. తలుపు బరువు మోసేది మోటారు కాదు, స్ప్రింగు. 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున్న స్టీలు తలుపు సాధారణంగా 150 నుంచి 200 పౌండ్లు తూగుతుంది. స్ప్రింగులు బాగున్నప్పుడు దాన్ని ఒక్క చేత్తో లేపొచ్చు, ఓపెనర్‌ని తయారు చేసింది ఆ కాస్త బరువుకే. స్ప్రింగు లేకుండా లాగిస్తే ఓపెనర్ లోపలి గేరు పోతుంది, ఒక ఖర్చు రెండవుతుంది.

మీరు చూసిన ఖాళీ రెండంగుళాల దాకా ఉంటుంది. స్ప్రింగుని బిగించినప్పుడు చుట్లు పెరిగి పొడవు సాగుతుంది. విరగ్గానే ఆ చుట్లు విప్పుకుని, సాగిన పొడవు తగ్గిపోయి, మధ్యలో ఖాళీ పడుతుంది. ఇది నాసిరకం సరుకు వల్లే జరిగిందనుకోకండి. మామూలు స్ప్రింగు ఆయుష్షు సుమారు 10,000 సార్లు, తెరిచి మూస్తే ఒకసారి కింద లెక్క. రోజుకి నాలుగుసార్లయితే ఏడేళ్ళకు కాస్త తక్కువ. మన ఇళ్ళలో ముందు తలుపు చుట్టాలొస్తేనే తీస్తాం. పిల్లల స్కూలు, కిరాణా, సాయంత్రం నడక అన్నీ గరాజ్ నుంచే. రోజుకి ఆరుసార్లయితే నాలుగున్నరేళ్ళే.

కారు బయటికి తీయాలంటే, తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే ఎర్ర తాడు లాగి ఓపెనర్ నుంచి విడదీయండి. తలుపు పైకి ఉన్నప్పుడు లాగితే అది అమాంతం కిందపడుతుంది. రెండు పక్కలా కేబుళ్ళు డ్రమ్ముల మీద (పైన రెండు చివర్లా కేబుల్ చుట్టుకునే చక్రాలు) గాడిలోనే ఉన్నాయో లేదో చూడండి. ఊడి వేలాడుతుంటే తలుపు ముట్టుకోవద్దు. బాగుంటే ఇద్దరు పెద్దవాళ్ళు కింది అంచు పట్టుకుని సమంగా లేపండి. ఒక స్ప్రింగు ఇంకా పనిచేస్తోంది కాబట్టి మీ చేతికొచ్చేది సగం బరువే. పలకల సందుల్లో వేళ్ళు పెట్టకండి. పైకి వెళ్ళాక రెండు పట్టాలకీ కింది రోలరు కిందుగా వైస్ గ్రిప్ (పట్టు వదలకుండా బిగుసుకునే పట్టకారు) బిగించి, కారు తీసి, మళ్ళీ ఇద్దరూ పట్టుకుని నెమ్మదిగా దించండి. ఈలోగా పిల్లల్ని గరాజ్‌లోకి రానివ్వకండి.

ఇక మార్చడం. విరిగిన స్ప్రింగుతో ప్రమాదం లేదు, అందులో బిగువు అయిపోయింది. పక్కనున్న మంచి స్ప్రింగులో మాత్రం తలుపు సగం బరువుని లేపే బలం అలాగే ఉంది. స్ప్రింగుని తిప్పే బార్లకి బదులు స్క్రూడ్రైవర్ వాడితే దెబ్బలు తగులుతాయి. కోన్‌కి (స్ప్రింగు చివర, బారు దూర్చి తిప్పే ముక్క) ఉన్న రంధ్రం అరంగుళం. స్క్రూడ్రైవర్ దానికి సన్నం, జారి నేరుగా ముఖానికో మణికట్టుకో వస్తుంది. అరంగుళం మందం, 18 అంగుళాల పొడవున్న వైండింగ్ బార్లు (స్ప్రింగుని తిప్పే ఇనుప కడ్డీలు) రెండు లేనిదే ఈ పని మొదలుపెట్టొద్దు. కేబుల్ తగిలించిన కింది బ్రాకెట్ బోల్టుల్ని కూడా బిగువు ఉండగా విప్పకూడదు.

కొత్తది కొనేముందు కొలత సరిగా తీయాలి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. విరిగిన ముక్క మీద 20 చుట్ల పొడవు కొలిచి 20తో భాగించండి: 5 అంగుళాలొస్తే తీగ మందం 0.250, నాలుగున్నర వస్తే 0.225. లోపలి వ్యాసం, రెండు ముక్కలూ కలిపిన పొడవు, చుట్టు ఎటువైపు తిరిగిందో రాసుకుని ఫొటో తీసుకోండి. కుడి, ఎడమ స్ప్రింగులు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురు చుట్లతో ఉంటాయి. తీగ మందంలో వెంట్రుకవాసి తేడా కూడా లెక్కకొస్తుంది: 0.243 ఉన్నచోట 0.250 వేస్తే, మిగతా కొలతలు ఒకటే అయినా బలం దాదాపు 15 శాతం పెరుగుతుంది. రెండూ ఒకే వయసువి కాబట్టి రెండూ మార్చండి.

బిగించేటప్పుడు తలుపు మూసి, పట్టాకి ఒక రోలరు పైన వైస్ గ్రిప్ వేయాలి, లేకపోతే చుట్లు తిప్పుతుండగానే తలుపు లేస్తుంది. రెండు డ్రమ్ముల మీదా కేబుళ్ళ బిగువు సమానంగా ఉండాలి. స్ప్రింగు పొడవునా సుద్దముక్కతో ఒక తిన్నని గీత గీస్తే, బిగిస్తున్నకొద్దీ ఆ గీత మెలిక తిరుగుతూ చుట్ల లెక్క చూపిస్తుంది. 7 అడుగుల తలుపుకి, మామూలు 4 అంగుళాల డ్రమ్ములైతే, ఏడున్నర చుట్లు, అంటే పావు చుట్టు చొప్పున 30 సార్లు. ప్రతిసారీ బారుని రంధ్రం చివరిదాకా దూర్చి, ముఖం బారు ఎదురుగా లేకుండా పక్కకి నిలబడండి. చివరికి కోన్‌ని పట్టి ఉంచే సెట్ స్క్రూ, షాఫ్టుకి (స్ప్రింగుల మధ్య నుంచి వెళ్ళే కడ్డీ) తగిలాక అర నుంచి ముప్పావు చుట్టు చాలు, అతిగా తిప్పితే షాఫ్టు నొక్కుకుపోతుంది.

ఇదంతా చదివాక కూడా, వైండింగ్ బారు ఎప్పుడూ పట్టనివాళ్ళు రెండు కార్ల తలుపుతో నేర్చుకోవద్దనే మా మాట. మనిషిని పిలిచినా ఈ కొలతలు మీ దగ్గరుంచుకోండి. తీగ మందం ఎంత, ఎన్ని వేలసార్లకు వచ్చే స్ప్రింగు అని అడగండి. 25,000 సార్లవి దొరుకుతాయి, మీ వాడకానికి అవే మేలు. ‘లైఫ్‌టైమ్ వారంటీ’ అంటే కూలి కూడా అందులో ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: కొత్త స్ప్రింగులు వేయించాం. ఓపెనర్ విడదీసి సగానికి ఎత్తి వదిలితే తలుపు దానంతటదే పైకి పోతోంది. పర్వాలేదా? – ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పర్వాలేదనుకోకండి, చుట్టు ఎక్కువైంది. రెండు స్ప్రింగులకీ సమానంగా పావు చుట్టు తగ్గించి మళ్ళీ చూడాలి. వేసినవాళ్ళనే పిలిపించి చేయించండి. మూడు నాలుగు అడుగుల ఎత్తులో వదిలితే అక్కడే నిలబడాలి. పావు చుట్టు కంటే చాలా ఎక్కువ తగ్గించాల్సివస్తే తీగ మందం తప్పుండొచ్చు, పాతదానితో పోల్చమనండి.

ప్రశ్న: మా కొట్టు షట్టరు ఎత్తడానికి ఇద్దరం కావాల్సివస్తోంది. ఇదీ స్ప్రింగేనా? – ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: చాలావరకు అదే, కానీ ముందు రెండు పక్కలా గైడు చానళ్ళు చూడండి. మట్టి, పాత గ్రీజు గట్టిపడినా, చానల్ సొట్టపడినా షట్టరు ఇలాగే బిగుస్తుంది. శుభ్రం చేసినా తేడా లేకపోతే పై పైపు మీది స్ప్రింగు సడలిందో విరిగిందో అయ్యుంటుంది. షట్టరుని పూర్తిగా పైకి చుట్టి, జారకుండా తాడుతో కట్టి, పైపుని పెద్ద పైపు రెంచితో ఒకరు గట్టిగా పట్టుకున్నాకే రెండోవారు బ్రాకెట్ క్లాంపు వదులు చేయాలి. పట్టుకోకుండా విప్పితే పైపు గిర్రున తిరిగి రెంచి చెయ్యి విరగ్గొడుతుంది. షట్టర్లు బిగించే మేస్త్రితోనే చేయించండి. ఆయన వచ్చేదాకా ఇద్దరూ కలిసే ఎత్తండి, సగంలో వదిలేయొద్దు.