ఆలివ్ నూనె కోసం యాప్ లోన్ ఎందుకు? ముందు మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నాకు 34 ఏళ్లు. ఏడాదిన్నరగా ఇంట్లోనే వండి రోజుకు 18 లంచ్ బాక్సులు ఇస్తున్నాను. ఎక్కువమంది కాలేజీ స్టాఫ్, ముగ్గురు బ్యాంకు వాళ్లు. ఏ రోజుకారోజు తాజాగా, అంతా ఆలివ్ నూనెతోనే వండుతాను. బాక్సు 130 రూపాయలు. అందరూ నెలాఖరుకి ఇస్తారు. ఖర్చులు పోను నెలకు 14 వేలు మిగులుతోంది. మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం 16 వేలు. ఇంటి ఖర్చు 21 వేలు. బ్యాంకులో 22 వేలున్నాయి. 60 బాక్సులకు పెంచాలని ఉంది. పెద్ద ఫ్రిజ్, స్కూటర్, పాత్రల కోసం బంగారం మీద 2 లక్షలు, ఫోన్ యాప్‌లో 80 వేలు తీసుకుందామనుకుంటున్నాను. యాప్ వాళ్లు నెలకు రెండున్నర రూపాయల వడ్డీ, 12 వాయిదాలు, వాయిదా 8,667 అన్నారు. ఆ డబ్బుతో 100 లీటర్ల నూనె ఒకేసారి కొంటే డీలర్ లీటరు 950కి బదులు 750కే ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: యాప్ లోన్ వద్దమ్మా. డీలర్‌కి మాట ఇచ్చేసి ఉన్నా సరే, వద్దు.

మీ వంట మీద నాకు ఏ సందేహమూ లేదు. ఏడాదిన్నరగా అదే మనుషులు నెలనెలా డబ్బులిచ్చి తింటున్నారంటే చేతిలో రుచి ఉన్నట్టే. నా భయమంతా ఆ 22 వేల గురించి. అది మీ ఇంటికి నెల రోజుల ఖర్చు. అంతకు మించి మీ వెనక ఏమీ లేదు. ఇంటి నుంచి చిన్న వ్యాపారం చేసేవాళ్లలో ఈ పొరపాటు పదేపదే చూస్తున్నాను. నాలుగు ఆర్డర్లు రాగానే అప్పు గురించి ఆలోచిస్తారు, అత్యవసర నిధి సంగతి తర్వాత చూద్దామంటారు. ఆ తర్వాత అనేది రాదు.

నూనె లెక్క చూడండి. లీటరుకు 200 చొప్పున వంద లీటర్ల మీద మీకు మిగిలేది 20 వేలు. యాప్ వాళ్లకు మీరు కట్టే వడ్డీ 24 వేలు. అంటే చవకగా కొన్నామనుకుంటూనే 4 వేలు చేతి నుంచి పోతున్నాయి. పైగా మీరు ప్రతినెలా అసలు తీర్చుకుంటూ వస్తున్నా, వాళ్లు చివరిదాకా మొత్తం 80 వేల మీదే వడ్డీ లెక్కగడుతున్నారు. అందుకని రెండున్నర రూపాయలని చెప్పేది నిజానికి ఏడాదికి 51 శాతం దాకా పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఇంకా కలపలేదు.

ఇంకో సంగతి. బాక్సుకి మూడు చెంచాలు, అంటే 15 మిల్లీలీటర్లు వేసుకున్నా 18 బాక్సులకు నెలకు 26 రోజుల లెక్కన ఏడు లీటర్లు. వంద లీటర్లు అయ్యేసరికి పద్నాలుగు నెలలు. ఆలివ్ నూనెకి వేడి, వెలుతురు, గాలి మూడూ పడవు. మన మే నెల ఎండలకు పొయ్యి పక్క గదిలో ఏడాది పైన ఉన్న నూనెతో వండితే, తాజా అని మీరు చెప్పుకునే మాట ఏమవుతుంది?

ధర కూడా మన చేతిలో లేదు. ఆలివ్ నూనె ఎక్కువగా తీసేది స్పెయిన్. 2022, 2023లో అక్కడ వానలు లేక దిగుబడి సగానికి పడిపోతే ప్రపంచమంతటా రేటు మండిపోయింది. వేపుళ్లకీ తాలింపుకీ వేరుశనగ నూనె వాడి, సలాడ్ మీద, దించాక పప్పు మీద మాత్రం ఆలివ్ నూనె వేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. వేరుశనగ నూనెలోనూ మంచి కొవ్వు బాగానే ఉంటుంది. కాకపోతే ఆ మార్పు బాక్సులు తీసుకునేవాళ్లకు చెప్పి చేయాలి.

ఇక వాయిదాలు. ఇద్దరి రాబడి 30 వేలు, ఇంటి ఖర్చు పోను 9 వేలు. యాప్ వాయిదా 8,667, బంగారం మీద పది శాతం అనుకున్నా నెలకు 1,667. మొదటి నెల నుంచే 1,300 పైన తక్కువ. ఏడాది తిరిగేసరికి బంగారం అసలు 2 లక్షలు ఒకేసారి అడుగుతారు, అది ఎక్కడి నుంచి తెస్తారు? 60 బాక్సులు వస్తాయన్నది మీ ఆశ. ఎవరూ ఇంకా ఆర్డర్ ఇవ్వలేదు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది కాలేజీ వాళ్లు. వేసవి సెలవుల్లో, దసరాకి ఎంతమంది మిగులుతారో కిందటేడు మీ నోట్‌బుక్ తీసి చూడండి. బాక్సులు ఆగినా వాయిదా ఆగదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ జిల్లాని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు వాయిదాల మీద ఫ్రిజ్ కొన్న ఒక టిఫిన్ల దంపతులు నాకు తెలుసు. కరెంటు లేక గ్రైండర్ తిరగలేదు, ఫ్రిజ్‌లోని పిండి పులిసిపోతే పారబోశారు. తర్వాతి వాయిదా కట్టడానికి ఆవిడ చెవి దుద్దులు అమ్మింది. అప్పు ఫ్రిజ్ కోసం చేశారు, పోయింది మాత్రం దుద్దులు. చేతిలో రెండు నెలల ఖర్చుకి డబ్బు ఉండి ఉంటే అవి ఇవాళ ఆవిడ చెవులకే ఉండేవి.

అందుకే 63 వేలు. మూడు నెలల ఇంటి ఖర్చు. మీ దగ్గర ఉన్న 22 వేలకు ఇంకా 41 వేలు కావాలి. నెలకు 8 వేలు పక్కన పెడితే ఐదారు నెలల్లో అయిపోతుంది. దానికి వేరే ఖాతా తెరవండి. బాక్సుల డబ్బు, కూరగాయల డబ్బు అందులో కలవకూడదు, ఆ ఖాతాకి ఫోన్‌పే కూడా పెట్టుకోవద్దు. అది నిండాక కూడా ఆగకండి, వ్యాపారానికీ కొంత పక్కన పెట్టండి. డబ్బు నెలాఖరుకి వస్తోంది కాబట్టి సరుకులూ గ్యాసూ అన్నీ మీరు ముందే పెట్టుకుంటున్నారు. నెలకు 47 వేల దాకా అవుతోంది. కొత్తగా చేరేవాళ్ల దగ్గర సగం అడ్వాన్స్ అడగండి, పాతవాళ్లను పదిహేను రోజులకోసారి ఇమ్మనండి. ఒక్క రూపాయి అప్పు లేకుండా మీ చేతికి డబ్బు వచ్చే దారి ఇదే.

నిధి నిండాక, బాక్సులు 30 దాటాక, అప్పు కావాలంటే ముద్రా శిశు రుణం 50 వేల వరకు ఉంది, తాకట్టు అడగరు. మిషన్ శక్తి (ఒడిశా మహిళా పొదుపు సంఘాలు) సంఘంలో ఉంటే అక్కడా కనుక్కోండి. ఆయుష్మాన్ కార్డు లేకపోతే అర్హత చూసి తీసుకోండి, మీవారి పేరున టర్మ్ పాలసీ, అంటే జీవిత బీమా, ఉండాల్సిందే. ఫ్రిజ్ సెకండ్ హ్యాండ్‌ది చాలు. స్కూటర్ ఇప్పుడు వద్దు.

డీలర్‌కి రేపే ఫోన్ చేసి ఐదు లీటర్ల డబ్బాలు రెండే పంపమనండి, 950 అయినా సరే. యాప్‌లో ఆధార్, ఫోన్ కాంటాక్టులు ఇచ్చి ఉంటే ముందు ఆ పర్మిషన్లు తీసేసి, దరఖాస్తు రద్దు చేసినట్టు వాళ్ల దగ్గర మెసేజ్ తీసుకుని దాచుకోండి.